బొనేర్ వెళ్ళే ముందు, పెర్హెంతియన్ ఒడ్డున

మా ఇంట్లో ఏడాదిగా బొనేర్ మాట నలుగుతోంది. బొనేర్ కరీబియన్ సముద్రంలో ఒక చిన్న ద్వీపం. అక్కడ డైవింగ్‌కి పడవ అక్కర్లేదంటారు. రోడ్డు పక్కన కారు ఆపుకుని, గాలి సిలిండర్ వీపుకి తగిలించుకుని, నడుచుకుంటూ నీళ్ళలోకి దిగిపోవచ్చు. పగడపు దిబ్బ ఒడ్డునుంచి కాస్త ఈదితే చాలు, మొదలైపోతుంది. చిన్న పిల్లలున్న దంపతులకి ఇంతకంటే వీలైన చోటు లేదని మా ఆయన మోహన్ వాదన. ఒకరు నీళ్ళలో ఉంటే ఒకరు పాపతో ఒడ్డున ఉండొచ్చు, గంట తర్వాత మారొచ్చు. పైగా ఇక్కడ మలేసియాలో తూర్పు తీరం ద్వీపాలు నవంబరు వచ్చేసరికి వానలకి మూతపడతాయి. సంవత్సరం చివరి సెలవుల్లో తేలికైన డైవింగ్ కావాలంటే ఎటో దూరం పోవాల్సిందే.

అభ్యంతరం నాది. నేను రాజమండ్రి పిల్లని. సైబర్‌జయలో చదువుకోడానికి వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో చేరి, ఇక్కడ పుట్టి పెరిగిన మోహన్‌ని చేసుకున్నాను. డైవింగ్ నేర్చుకున్నది పెళ్ళికి ముందు. మా నిత్య పుట్టాక ఒక్కసారి కూడా నీళ్ళలో దిగలేదు. దానికిప్పుడు నాలుగేళ్ళు. దాన్ని వదిలి కింద షాపుకి వెళ్ళినా ఫోన్ చేతిలోనే పట్టుకుని వెళ్ళే మనిషిని నేను. నీళ్ళ కింద ఫోన్ ఉండదు. కౌలాలంపూర్ నుంచి యూరప్, అక్కడినుంచి మళ్ళీ ఇంకో పెద్ద విమానం, అంత డబ్బూ పోసి తీరా అక్కడికెళ్ళి నేను ఒడ్డునే కూర్చుంటే ఏం లాభం?

అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం. సెప్టెంబరు సెలవుల్లో ఇక్కడి తూర్పు తీరంలోని పెర్హెంతియన్ ద్వీపానికి వెళ్దాం. అక్కడా ఒడ్డునుంచి దిగే డైవ్ ఉంది. పాపని ఒడ్డున వదిలి నేను ఒక్కసారి కిందికి దిగగలిగితే బొనేర్ టికెట్లు కొంటాం. దిగలేకపోతే ఆ మాట ఇంక ఎత్తం. పిల్లలతో ఇటు వెళ్దామనుకునేవాళ్ళకి పనికొస్తుందని ఆ ప్రయాణం రాస్తున్నాను.

ఆదివారం మధ్యాహ్నం సైబర్‌జయలో బయల్దేరి పొద్దు గూకేలోపు తెలుక్ ఇంటాన్ చేరాం. అది మోహన్ వాళ్ళ ఊరు. వాళ్ళ ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి తోటల్లో పనికి వచ్చారు. మా అత్తయ్య మాట ఇప్పటికీ ఆ వైపుదే. మేం పెర్హెంతియన్ వెళ్తున్నామని ఫోన్లో విన్నప్పుడే ఆవిడ అడిగారు.

"మీరిద్దరూ నీటి కిందకెల్తే గుంటనెవులు సూత్తారు?"

"ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం వెళ్తాం అత్తయ్యా. ఒకరు ఎప్పుడూ ఒడ్డునే ఉంటాం."

"ఆ ఒడ్డునున్నోలు నీటికేసే సూత్తుంటారు గదేటి. నానొత్తాను."

అలా ఆవిడ ప్రయాణమయ్యారు. షరతు ఒక్కటే పెట్టారు. శనివారం ఉదయానికి ఇంట్లో ఉండాలి. ఆ వారమే పెరటాసి నెల మొదలు. తమిళుల లెక్కలో ఇది పెరుమాళ్ళ నెల. ఇక్కడి తెలుగువాళ్ళు కూడా నెలంతా నీచు ముట్టరు, శనివారాలు పూజ చేస్తారు. మొదటి శనివారం అత్తయ్య ఇంట్లో అరిటాకుల మీద పులిహోర, వడలు, చక్కెరపొంగలి పేర్చి గోవిందలు కొడతారు. చుట్టాలంతా వస్తారు. ఆవిడ కాపురానికి వచ్చినప్పటి నుంచి ఒక్క ఏడాది తప్పలేదట.

సోమవారం ఉదయం ఆరింటికి బయల్దేరాం. కారు డిక్కీలో మా బట్టల సంచుల కంటే అత్తయ్య రైస్ కుకర్, బియ్యం, కందిపప్పు, ఊరగాయ సీసా ఎక్కువ చోటు ఆక్రమించాయి. ఈపో దాటాక రోటీ చనాయ్ తిన్నాం. గెరిక్‌లో పెట్రోలు నింపుకున్నాం. మీరూ తప్పకుండా అక్కడే నింపుకోండి, ఆ తర్వాత కొండల మీదుగా వంద కిలోమీటర్లు అడవి తప్ప ఏమీ లేదు. దారిలో ఏనుగులు జాగ్రత్త అని పసుపు బోర్డులు. నిత్య ప్రతి బోర్డు దగ్గరా "ఏనుగేదీ" అని అడిగింది. ఏనుగు పేడ మాత్రం కనబడింది, దాంతోనే తృప్తి పడింది. కనుమ మీదకి ఎక్కేసరికి అందరికీ చెవులు దిమ్మెక్కాయి. నిత్య చెవులు పట్టుకుని ఏడుపు లంకించుకుంది. అత్తయ్య దాని నోట్లో చింతపండు బిళ్ళ పెట్టారు.

"సప్పరించి మింగు. సెవులు అయ్యే తెరుసుకుంతాయి."

రెండు గంటలకి కౌలా బెసుత్ రేవు. కారు రోజుకింత అని కట్టి వదిలేసే షెడ్లు రేవు పక్కనే ఉన్నాయి. బోటు టికెట్టు రానూ పోనూ కలిపి ఇస్తారు, సముద్ర పార్కు రుసుము వేరే. ద్వీపంలో ఏటీఎం లేదు, డబ్బు ఇక్కడే తీసుకోండి. లైఫ్ జాకెట్లు ఇస్తారు గానీ చిన్న పిల్లలకి అన్నీ వదులే. నేను నిత్యది ఇంటినుంచే తెచ్చాను. నా భయాలు అన్నీ వృథా పోవని మోహన్‌కి అక్కడ ఒకసారి గుర్తుచేశాను.

బోటులో ముందు కూర్చోబోతుంటే సుంగై పెటానీ నుంచి వచ్చిన ఒక తమిళ టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అక్కా, పిల్లలుంటే వెనకాల కూర్చోండి. ముందు సీట్లు నడుముతో పని లేనివాళ్ళకి." నిజమే. బోటు అలల మీద అరగంట సేపు గెంతుతూనే పోయింది. ముందు కూర్చున్న కుర్రాళ్ళు దిగేటప్పుడు నడుములు పట్టుకుని దిగారు.

మేం దిగింది పెద్ద ద్వీపం పడమటి ఒడ్డున. చెక్క గదులు, ముందు తెల్లటి ఇసుక, ఇసుక అంచున పెద్ద బాదం చెట్లు. చెట్టు నీడనుంచి నీళ్ళు ఇరవై అడుగులు. నీళ్ళలో కొంత దూరం పోయాక అడుగుకి తాడుతో కట్టిన ఒక ఎర్రటి బోయ, అంటే ప్లాస్టిక్ బుంగ, తేలుతూ ఉంటుంది. పగడాలు అక్కడే మొదలు. మోహన్ చెప్పిన బొనేర్ కొంచెం చిన్న సైజులో ఉన్నట్టే ఉంది.

డైవింగ్ నేర్పే ఆమె పేరు యాన్. అందరూ కాక్ యాన్ అంటారు, అంటే యాన్ అక్క. కోట బారు ఊరి వైపు మనిషి. తలకి గుడ్డ బిగించి కట్టుకుని, దానిమీద డైవింగ్ సూటు టోపీ లాగి, మాట తక్కువగా పని చేసుకుపోతుంది. చాలా ఏళ్ళుగా దిగలేదన్నాను. ముందు నడుము లోతు నీళ్ళలో పాత పాఠాలు మళ్ళీ చేద్దాం అంది.

మంగళవారం ఉదయం మోహన్ మొదట దిగాడు. నేను ఒడ్డున ఉన్నాను. అత్తయ్య అన్నట్టే ఆ గంటా నీటికేసే చూస్తూ ఉన్నాను, పాప ఏం చేసిందో చెప్పమంటే చెప్పలేను. అతను వచ్చాక నా వంతు. నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని మాస్కులో నీళ్ళు నింపి ఊదేసే పాఠం చేస్తున్నాం. ఒడ్డున పిల్ల ఏడుపు వినిపించింది. నేను లేచి నిలబడ్డాను.

"అది మీ పాప కాదు," అంది కాక్ యాన్.

"ఎలా తెలుసు?"

"మీ పాప అదిగో, నవ్వుతోంది."

నిజంగానే నవ్వుతోంది. ఏడ్చింది మా పక్క గదిలోనే దిగిన టీచరమ్మ చిన్న కొడుకు. అయినా ఆ రోజుకి నాకు చాలనిపించింది. రేపు దిగుతానన్నాను.

బుధవారం మోహన్ తాబేలుని చూసి వచ్చాడు. నేను బోయ దాకా ఈది, తాడు పట్టుకుని, మొహం నీళ్ళలో పెట్టి, తిరిగి వచ్చేశాను. మాస్కు కారుతోందని చెప్పాను. కాక్ యాన్ ఆ మాస్కు తను పెట్టుకుని చూసి, కడిగి ఆరేసింది. సాయంత్రం ఒడ్డున బొగ్గుల మీద చేపలు కాల్చడం మొదలుపెట్టారు. పెరటాసి ఆ రోజే మొదలు. అత్తయ్య కుర్చీ ఎత్తుకుని గాలికి ఎదురు వైపు మారారు, గాలి తిరిగితే మళ్ళీ మారారు. టీచరమ్మ కూడా పళ్ళెం పట్టుకుని ఆవిడ వెనకే. ఇద్దరూ తమిళంలో కబుర్లు, మా పప్పుచారు, అప్పడాలు.

"మీ కోడలు ఈత బాగా ఈదుతుందే," అంది టీచరమ్మ.

"ఈత బానే ఈదుతాది. కిందకి దిగమంతేనే దిగదు," అన్నారు అత్తయ్య తెలుగులో, నాకు వినిపించాలని.

గురువారం ఉదయం ముందు రాత్రి వానకి నీళ్ళు మసకగా ఉన్నాయి. కాక్ యాన్ డైవ్ వద్దంది. నాకేం బాధ అనిపించలేదు, శుక్రవారం ఉందిగా అనుకున్నాను. మా బోటు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి. ఉదయం ఎనిమిదింటికి దిగితే తొమ్మిదికల్లా అయిపోతుంది. నిజంగానే మనసు గట్టి చేసుకున్నాను, ఈసారి సాకు చెప్పను అని.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కాక్ యాన్ వచ్చి కూర్చుంది. మాటల్లో, రేపు ఇంటికి ఏ దారిన వెళ్తారని అడిగింది.

"గెరిక్ మీదుగా," అన్నాడు మోహన్.

"అయితే రేపు పొద్దున డైవ్ లేదు," అంది ఆమె.

మోహన్ మొహం చూసి తీరాలి. డైవ్ చేశాక ఒక రోజు గడవకుండా విమానం ఎక్కకూడదని మా ఇద్దరికీ తెలుసు. లోతులో ఒంట్లో చేరిన గాలి మెల్లగా బయటికి పోవాలి. ఈలోపు ఎత్తుకి వెళ్తే పైన ఒత్తిడి తగ్గి, అది బుడగలై నరాల్లో, కీళ్ళలో ఇరుక్కుంటుంది. బొనేర్ ప్లానులో చివరి రోజు అందుకే ఖాళీగా వదిలాడు మోహన్. ఇక్కడ విమానం లేదు గనక ఆ ఊసే మాకు తట్టలేదు. సోమవారం అదే కనుమ మీద మా అందరి చెవులూ దిమ్మెక్కినా తట్టలేదు. డైవింగ్‌కీ పెరటాసి శనివారానికీ మధ్య ఒక కొండ ఉందని ఎవరు చూసుకుంటారు?

మోహన్ ఫోన్ తీసి మ్యాపులో వెతికాడు. కౌలాలంపూర్ వైపు దారి కూడా కొండ మీదుగానే పోతుంది. కొండ లేకుండా పోవాలంటే దక్షిణపు కొసన జొహోర్ దాకా దిగి చుట్టి రావాలి. అలా వస్తే శనివారం పూజ దారిలోనే అయిపోతుంది.

"ఏటైనాది?" అన్నారు అత్తయ్య. నిత్య ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోతోంది.

మోహన్ సగం తెలుగులో సగం తమిళంలో చెప్పాడు. చివర్న, "ఒకవేళ పూజ పై శనివారం సేసుకుంటే అమ్మా?" అన్నాడు.

అత్తయ్య పాప జుట్టులో ఇసక దులుపుతూ కూర్చున్నారు.

"వద్దు," అన్నాను నేను. "చుట్టాలకి చెప్పేశారు."

"పర్లేదు లా," అన్నాడు మోహన్ నాతో, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా'తో. "బొనేర్ ఎక్కడికి పోద్ది? పాప పెద్దయినాక చూద్దాం."

ఆ మాట మెత్తగా అన్నాడు, ముందే ఓదారుస్తున్నట్టు. వినగానే నాకు హాయిగా అనిపించింది. ఇంక దిగక్కర్లేదు, తప్పు కొండది. ఒక్క నిమిషమే ఆ హాయి. తర్వాత భయమేసింది. ఇలాంటి కొండ ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది నాకు. పాప పెద్దదయ్యాక స్కూలు, స్కూలు తర్వాత పరీక్షలు. అప్పటికి నేను నీళ్ళలో దిగేదాన్నన్న సంగతి నిత్యకి కథలా చెప్పుకోవాల్సి వస్తుంది.

కాక్ యాన్ సముద్రం వైపు చూసింది. "మసక తేలిపోయింది. ఇప్పుడు దిగితే రేపు కనుమ ఎక్కేసరికి ఒక రోజు అవుతుంది. తొందరేం లేదు, రావాలనుకుంటే రండి," అని సామాన్లు తీయడానికి లేచింది.

నేను నిత్య వైపు చూశాను.

"లేచేసరికి నేను కనపడకపోతే?"

"నాను కనిపిత్తాను గదేటి," అన్నారు అత్తయ్య.

"ఏడిస్తే?"

"ఏడుత్తాది. నీ మొగుడు ఇంతున్నప్పుడు రోజూ ఏడిసినాడు. నాను రబ్బరు పాలు గీసి మజ్జాన్నానికి ఒచ్చినాను. ఏటైపోనాడు?"

"అందుకే ఇలగైపోయినాను," అన్నాడు మోహన్.

"లేపి చెప్పి వెళ్ళనా అత్తయ్యా?"

"లేపితే నిన్నొగ్గదు. నువ్వూ దాన్ని ఒగ్గవు. బేగెల్లు."

సూటు తొడుక్కున్నాను. జిప్పు మోహన్ లాగాడు. నీళ్ళలో వెనక్కి నడుచుకుంటూ వెళ్ళాను, తెడ్డు చెప్పులతో అలాగే నడవాలి. అలా నడవడం వల్ల మెడ లోతు దాకా నాకు చెట్టు కిందే కనబడుతూ ఉంది. అత్తయ్య ఎర్ర చీర, ఆవిడ ఒళ్ళో చిన్న పసుపు గౌను. బోయ దగ్గర కాక్ యాన్ బొటనవేలు కిందికి చూపింది. ఊపిరి వదిలాను. నీళ్ళు తలమీదుగా మూసుకున్నాయి.

మొదటి రెండు మీటర్లలో నా గుండె చప్పుడు నాకే వినిపించింది. ముక్కు మూసి ఊదితే ఒక చెవి తెరుచుకుంది, రెండోది తెరుచుకోలేదు. పైకి చూస్తే నీటి పైభాగం వెండి రేకులా కదులుతోంది. పాప లేచి ఉంటుందనిపించింది. బాగోలేదని చెయ్యి అటూ ఇటూ ఊపాను. కాక్ యాన్ నన్ను పైకి తీసుకెళ్ళలేదు, కిందికీ లాగలేదు. తాడు పట్టుకుని నా ఎదురుగా ఆగి, తన నోటి ముందు అరచెయ్యి పెట్టి మెల్లగా ముందుకి చాపింది. ఊపిరి బయటికి, పొడుగ్గా, అని. రెండుసార్లు వదిలాను, మూడోసారి. రెండో చెవి తెరుచుకుంది.

అడుగున ఇసక మీద నిలిచాక ఎవరో పక్కనే జంతికలు నములుతున్నట్టు కరకర వినిపించింది. చుట్టూ చూశాను. ఆకుపచ్చ, గులాబి రంగుల చిలుక చేపలు పగడాలు కొరుకుతున్నాయి. కొరికి, మింగి, తోక వైపునుంచి తెల్లటి ఇసక వదులుతూ పోతున్నాయి. ఈ ఒడ్డున ఉన్న ఇసకలో చాలా భాగం ఇలా వచ్చిందేనట. ఆ ఇసకలోనే మూడు రోజులుగా నిత్య గుళ్ళు కడుతోంది. ఇంకొంచెం ముందుకి పోతే అడుగున పెరిగిన గడ్డిలో తాబేలు తలొంచుకుని మేస్తోంది. మమ్మల్ని చూసీ చూడనట్టు ఊరుకుంది. దాని వీపు మీద అతుక్కున్న చిన్న చేప ఒకటి, తాబేలు కదిలితే కదులుతూ, ఆగితే ఆగుతూ.

కాక్ యాన్ గడియారం చూపించి వెనక్కి తిరుగుదామన్నప్పుడు తెలిసింది, చాలాసేపటిగా నాకు పాప గుర్తు రాలేదని. మనసు ఉలిక్కిపడలేదు. ఆ సంగతి తర్వాత ఆలోచించుకోవచ్చనిపించింది.

తల బయటపెట్టి చూస్తే నిత్య లేచే ఉంది. అవ్వని కూర్చోబెట్టి ఆవిడ కాళ్ళ మీద ఇసక పోస్తోంది. సముద్రం వైపు చూడనే లేదు. నేను సిలిండర్ బరువుతో ఒడ్డెక్కి దాని ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాను.

"అమ్మా, అవ్వ కాళ్ళు పాతేశాను," అంది. తర్వాత నా మొహం పరీక్షగా చూసి, "నీకు మీసం వచ్చింది," అంది. మాస్కు అచ్చు.

"ఏడ్చిందా అత్తయ్యా?"

"లేసినాది. అమ్మేదంది. నీటిలో ఉందన్నాను. సరేనంది."

"అంతేనా?"

"మరేటి గావాల నీకు?"

మోహన్ నవ్వు ఆపుకోలేక నీళ్ళ వైపు వెళ్ళిపోయాడు. నేనూ నవ్వాను గానీ, కొంచెం సేపటి తర్వాత.

శుక్రవారం పన్నెండింటి బోటెక్కి, ఈసారి ఎవరూ చెప్పకుండానే వెనకాల కూర్చున్నాం. కారు తీసుకుని, కొండ మొదలయ్యే ముందు జెలిలో టీకొట్టు దగ్గర ఆగాం. టైము కాకుండా కదలొద్దని కాక్ యాన్ గట్టిగా చెప్పింది. తే తారిక్ అనే నురగ టీ రెండేసి గ్లాసులు తాగాం. కొట్టు యజమాని మూడోసారి వచ్చి "ఇంకేమైనా కావాలా" అన్నాడు. "ఏం వద్దు, గాలి బయటికి పోవాలని కూర్చున్నాం," అన్నాడు మోహన్ మలయ్‌లో. అతను ఏమనుకున్నాడో, మా దగ్గర్నుంచి కొంచెం దూరంగా వెళ్ళాడు.

నాలుగు దాటాక కనుమ ఎక్కాం. నాకు ఒంట్లో ఏమీ తేడా లేదు. ప్రయాణం మొత్తం మీద నాకు తోచింది ఒకటే. ఒడ్డునుంచి దిగే డైవింగ్ తేలిక అని రాసేవాళ్ళు నీళ్ళ గురించి రాస్తారు. అల లేదు, లోతు లేదు, పడవ అక్కర్లేదు అని. అదంతా నిజమే. పిల్లలున్నవాళ్ళకి మాత్రం అది తేలికయ్యేది ఒడ్డు మీదే. నీటికేసి చూడకుండా పాపకేసి చూసే మనిషి ఒకరు ఉండాలి. అలాంటివాళ్ళు ఉంటే పెర్హెంతియన్ నిశ్చింతగా వెళ్ళండి.

గెరిక్ లైట్లు కనబడుతుండగా మోహన్ అడిగాడు. "టికెట్లు మూడు కొనేదా?"

"నాలుగు," అన్నాను.

వెనక సీట్లో అత్తయ్య కునికిపాట్లు పడుతున్నారనుకున్నాను. వింటూనే ఉన్నారు. "ఎంతసేపు యిమానం?"

"రెండు విమానాలు అమ్మా. మొత్తం ఒక రోజు పైన."

"బియ్యం దొరుకుతాయా?"

"దొరుకుతాయి."

"ఆ ఒడ్డున నీడుందేటి? సెట్లున్నాయా?"

ఏడాదిగా ఆ ద్వీపంలో ఎక్కడ ఎంత లోతో, ఏ నెలలో గాలి ఎటో, సిలిండర్లు ఏ మూల నింపుతారో అన్నీ చదివాం. ఒడ్డున చెట్టు ఉందో లేదో ఇద్దరిలో ఒక్కరం కూడా చూడలేదు.

"సూడండి," అన్నారు అత్తయ్య. "ఉంతే ఒత్తాను."

పూజ ముగించుకుని ఇంటికొచ్చి, పాప నిద్రపోయాక ఇప్పుడు అదే వెతుకుతున్నాను. ఆ ఒడ్డుల ఫోటోలన్నీ రాళ్ళూ ఎండే. ఒక్క చోట మాత్రం గుబురుగా, పచ్చగా ఏదో ఉంది. దాన్ని పెద్దది చేసి చూస్తున్నాను.